పలచటి పొలం

రాయపూర్‌లో భన్‌పురి దారిలో వెళ్తుంటే రైస్ మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు సుగుణక్క గుర్తొస్తుంది. నా మొదటి ఉద్యోగంలో పై అధికారి ఆవిడ. రాయపూర్ చుట్టుపక్కల వరి రైతులు కొత్త పద్ధతులు ఎలా చేస్తున్నారో వీడియో తీసి, మిగతా ఊళ్ల రైతులకు చూపించడం మా పని. గుఢియారీలో రైలు పట్టాల పక్కన ఒకే ఒక్క గది మా ఆఫీసు. బండి వచ్చినప్పుడల్లా అక్క తిట్టు సగంలో ఆపి, అది పోయాక అక్కడి నుంచే అందుకునేది.

ఒకసారి లేత నారును ఒక్కొక్క మొక్కగా, దూరదూరంగా నాటే పద్ధతి మీద వీడియో కూర్చాను. అలా నాటిన పొలం మొదట్లో బోసిగా ఉంటుంది. ఆ భాగం తీసేసి, నాట్ల నుంచి నేరుగా నిండు పైరు చూపించాను. అక్క మొహం చిట్లించింది.

"ఏటమ్మా, ఖాళీ పొలం తీసీసినావేటి?"

"బాగాలేదక్కా. చూసినవాళ్లు భయపడతారు."

"డర్ ఎలాగూ వస్తాది. మనం సూపించకపోతే ఒక్కలే కూకుని భయపడతారు. పెట్టీ."

నాకు ఒళ్లు మండింది. అయినా పెట్టాను.

మరుసటి వానాకాలం ఆ వీడియో చూసి ఫూల్‌బాయి అనే రైతు తన పొలమంతా అలాగే నాటింది. కొన్నాళ్లకు ఏడుస్తూ ఫోన్ చేసింది. భర్త ట్రాక్టర్ తెచ్చాడట, పొలం దున్నేసి పాత పద్ధతిలో మళ్లీ నాటుతానంటున్నాడట. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ పొలమే. అక్క నన్ను స్కూటర్ ఎక్కించుకుని బయల్దేరింది.

"ఊరంతా నవ్వుతోంది దీదీ, పిల్లలకేం పెట్టను?" అన్నాడు ఫూల్‌బాయి భర్త పొలం దగ్గర, ఛత్తీస్‌గఢీలో. అక్క ఫోన్‌లో వీడియోని ఆ బోసి పొలం దాకా జరిపి అతని చేతికిచ్చింది. అందులో పక్కూరి రైతు, "నా పొలం చూసి నాకే ఏడుపొచ్చింది" అంటున్నాడు. అతను ఫోన్ కేసి, పొలం కేసి మార్చి మార్చి చూశాడు. చివరికి ట్రాక్టర్‌ని వెనక్కి పంపేశాడు. తిరిగి వచ్చేటప్పుడు అక్క, "నాకూ డర్‌గానే ఉందే" అంది. పంట నిండుగానే వచ్చింది.

అక్క ఇప్పుడు లేదు, ఆ పని నేను చూస్తున్నాను. పోయిన వారం ఫూల్‌బాయి తన ఫోన్‌తో తానే తీసిన వీడియో పంపింది. బురదలో అక్కడొకటి ఇక్కడొకటి మొక్కలు. గట్టు మీద ఆమె భర్త నిలబడి, కొత్తగా నాటినవాళ్లకు చెబుతున్నాడు: "నాకూ భయమేసింది. దున్నేద్దామని ట్రాక్టర్ కూడా తెచ్చాను." అక్కకు చూపించాలనిపించి ఏడుపొచ్చింది. తర్వాత ఏమీ కత్తిరించకుండా అన్ని ఊళ్లకూ పంపాను.