సబ్బుకు లొంగనిది

మెదడు జబ్బుల మీద పరిశోధన చేసే ఆ ల్యాబులో ఆమె పాతికేళ్లుగా టెక్నీషియన్. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో ఆమెకు సరిజోడు అత్తగారు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి, టిక్కెట్టు కొనకుండా నక్కినవాణ్ణి ఒక్క చూపుతో బస్సు దింపేసేది. ముప్పై ఏళ్లు ఇద్దరూ ఒకే వంటింట్లో ఉప్పూ నిప్పులా గడిపారు.

ఆ అత్తగారికి అల్జీమర్స్ అని తేలింది. ఇంకా బుర్ర పనిచేస్తుండగానే ఆవిడ కోడల్ని వెంటబెట్టుకుని ల్యాబుకి వెళ్లి, తను పోయాక మెదడు అక్కడికే ఇవ్వాలని సంతకం పెట్టింది. బయటికొచ్చాక ఒక్కటే కోరింది.

“నా బుర్రని ఇంకెవరి చేతికీ ఇవ్వకు. నువ్వే చూడు. నా మీద కోపముంది కాబట్టి నువ్వైతే శ్రద్ధగా చేస్తావు.”

కోడలు మాటిచ్చింది. ఆరేళ్లలో అత్తగారు కొడుకుని మరిచింది, ఇల్లు మరిచింది, చివరికి కోడలితో పోట్లాడటం కూడా మరిచిపోయింది. అదొక్కటే కోడలు తట్టుకోలేకపోయింది. ఒకరోజు కావాలనే కూరలో ఉప్పు ఎక్కువేసి పెట్టింది. ఆవిడ కిక్కురుమనకుండా తినేసింది. కోడలు స్నానాల గదిలో గొళ్లెం పెట్టుకుని ఏడ్చింది.

అత్తగారు పోయిన నెలకి మెదడు ముక్క ల్యాబు బల్ల మీదికి వచ్చింది. ల్యాబు నడిపే పెద్ద డాక్టరమ్మ అడ్డం పడింది. సొంతవాళ్లది ముట్టుకోకూడదని రూలుందనీ, కొత్తగా చేరినమ్మాయికి అప్పగించాననీ మెత్తగా చెప్పింది.

టెక్నీషియన్‌కి ఒళ్లు మండింది. ముక్కని నూరి, ఘాటైన సబ్బు ద్రవం కలిపి, యంత్రంలో పెట్టి గిర్రున తిప్పుతారు. మంచి ప్రోటీన్లన్నీ సబ్బులో కరిగిపోతాయి. మడత తప్పి ఒకదానికొకటి అతుక్కుపోయి ఈ జబ్బు తెచ్చేవి మాత్రం మొండికేసి ట్యూబు అడుగున ఒక పక్కకి ముద్దగా చేరతాయి. మనిషి పోయినా అవి పోవు. ఆ ముద్ద మీదే కొత్త మందులు పరీక్షిస్తారు. అది ఆవగింజంత కూడా ఉండదు. పైనున్న ద్రవం వంచేటప్పుడు ట్యూబు తప్పు వైపు తిరిగితే అది కాస్తా సింకు పాలు. అందుకే ముద్ద చేరే వైపు ఆమె ట్యూబు మీద ముందే పెన్నుతో గీత పెట్టుకుంటుంది. కొత్తమ్మాయి పోయిన నెలే గీత పెట్టడం మరిచి, ఒకరి ముద్దని పారబోసింది.

“మేడమ్, ఆ దరిద్రం సబ్బుకి కరగదు గానీ, చెయ్యి ఒక్కసారి తిరిగితే పోతుంది. మా అత్తగారిని తిన్నదాన్ని సింకులోకి పోనివ్వను. రూలు కోసం కావాలంటే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టండి.”

డాక్టరమ్మ తనే స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

ఆమె నూరింది, కలిపింది, తిప్పింది. గీత పైకి ఉండేలా పట్టుకుని, నెమ్మదిగా ద్రవం వంచింది. మళ్లీ సబ్బు పోసి మళ్లీ తిప్పింది. మూడుసార్లయినా ఆ తెల్లటి ముద్ద చెక్కుచెదరలేదు. ఇంత పిసరుకా అంత మనిషి లొంగిపోయిందని ఆమెకి కసి రేగింది. ట్యూబుని వెలుతురుకి ఎత్తి, డాక్టరమ్మ వింటోందని కూడా చూడకుండా, దానితోనే అంది.

“ముప్పై ఏళ్లు ఆవిడతో వేగినదాన్ని. నీతో వేగలేననుకున్నావా?”