మూడుసార్లు వద్దన్నాక వచ్చే టీ

గత నెలలో ఒక మంగళవారం పొద్దున, ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తుండగా కార్డిఫ్ నుంచి ఫోన్ వచ్చింది. మా పక్కింటి ఆంటీ కూతురు. “అమ్మ ఈజ్ గాన్, అక్కా. నిద్రలోనే. వెరీ పీస్‌ఫుల్” అంది. ఆ అమ్మాయి ఇక్కడే, బ్రిటన్‌లోనే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడటం తక్కువ. ఆ రోజు మాత్రం చివర్లో “అమ్మ నిన్ను అడిగింది” అని తెలుగులో చెప్పింది. స్టవ్ ఆపేసి కూర్చున్నాను. ఏడుపు రావలసిన చోట నాకు ముందుగా గుర్తొచ్చింది ఐర్లండ్‌లో కాషెల్ అనే ఊళ్ళో ఒక పసుపు తలుపు, వెనకాల ఎవరో ఈల వేసినట్టు కూస్తున్న కెటిల్.

లీసెస్టర్‌లో ఆంటీకీ మాకూ మధ్య ఒకే గోడ. గుంటూరు దగ్గరి నుంచి పాతికేళ్ళ వయసులో నర్సుగా వచ్చి, వార్డు సిస్టర్‌గా, అంటే హెడ్ నర్సుగా రిటైరయింది. మీలో చాలామందికి ఆమె తెలుసు. మన తెలుగు సంఘం ఉగాది భోజనాల్లో పులిహోర గిన్నె పక్కన కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళందరికీ బీపీ చూసింది ఆమే. రిటైరయ్యాక కూడా నర్సుల వాచీ స్వెటరుకు తలకిందులుగా తగిలించుకునేది. ఎదుటివాళ్ళకు అందులో టైము అర్థం కాదు. ఆమె మాత్రం గడ్డం కిందికి దించి ఇట్టే చెప్పేది.

నేను ఈ దేశానికి వచ్చిన వారంలోనే ఎదురింటి ఇంగ్లీషావిడ మమ్మల్ని పిలిచింది. టీ తాగుతావా అంటే, మన పద్ధతిలో “వద్దండీ” అన్నాను. ఆవిడ “సరే” అని తన కప్పు తను తాగింది. గంటసేపు ఎండిన గొంతుతో కూర్చుని వచ్చాను. ఆంటీకి చెబితే గోడ అదిరేలా నవ్వింది.

“మన దగ్గర వద్దు అంటే ఇంకోసారి అడగమని అర్థమే. ఇక్కడ వద్దంటే వద్దే. మొదటిసారే తీసుకో అమ్మాయ్, లేకపోతే ఈ దేశంలో దాహంతో పోతావు.”

ఆ తర్వాత ఈ ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి తెలుగమ్మాయికీ నేను చెప్పిన మొదటి మాట అదే.

ఐదేళ్ళ క్రితం ఒక వసంతకాలంలో ఆంటీ ఒక కరపత్రం పట్టుకొచ్చి మా కిచెన్ బల్ల మీద పరిచింది. కోచ్‌లో ఐర్లండ్, ఆరు రోజులు. కోటలు, పాత ఊళ్ళు, పచ్చిక కొండలు, వెంట గైడు. మా ఆయనకు హాస్పిటల్ డ్యూటీల్లో సెలవు దొరకదు, పిల్లలకు పరీక్షలు. “నువ్వొస్తావా, ఒక్కదాన్నే పొమ్మంటావా?” అంది. ఆంటీకి కోటల మీద అంత ఆసక్తి ఉందని నాకెప్పుడూ తెలియదు. కరపత్రంలో ఒక్క ఊరి పేరు కింద మాత్రం పెన్నుతో రెండు గీతలున్నాయి. కాషెల్.

ఆంటీ ఇక్కడికి వచ్చిన కొత్తలో నర్సుల హాస్టల్లో ఆమెతో ఒకే గదిలో ఉన్న ఐరిష్ నర్సుది ఆ ఊరు. పెళ్ళి చేసుకుని అక్కడికే వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళు ప్రతి క్రిస్మస్‌కీ కార్డు రాసింది. రెండేళ్ళుగా కార్డు లేదు.

“ఫోన్ చెయ్యొచ్చుగా ఆంటీ?”

“ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి, ఆవిడ లేదండీ అంటారు. వెళ్ళి తలుపు కొట్టాననుకో, తనే తీస్తుందేమో.”

అంతవరకూ ఆంటీ దేనికైనా భయపడటం నేను చూడలేదు.

నేను ప్రతి ప్రయాణానికీ ఒక నోటుబుక్కు పెడతాను. ఎక్కడ ఎన్నింటికి దిగాం, ఎన్నింటికి ఎక్కాం అన్నీ రాస్తాను. ఈ కోచ్ ప్రయాణాల్లో ఒక పద్ధతుంది. అందరికీ ముందు సీటు దక్కాలని రోజూ పొద్దున రెండేసి వరసలు ముందుకు జరుపుతారు. “వార్డులో మంచాలు మార్చినట్టుందే” అంది ఆంటీ. మొదటి రోజు మా సీట్లు వెనక వైపు. ఐదో వరసలో యార్క్‌షైర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, చేతికర్రతో. ఏ ఊళ్ళో ఆగినా అందరికంటే చివర ఎక్కేవాడు ఆయనే. నలభైమంది కూర్చుని ఎదురుచూస్తుంటే ఒక్కో మెట్టూ ఎక్కి, ప్రతి మెట్టు దగ్గరా ఒక కబురు చెప్పేవాడు.

“మళ్ళీ ఏడు నిమిషాలు లేటు” అని నోటుబుక్కులో రాసుకుంటూ తెలుగులో విసుక్కున్నాను.

“ఆయన చీలమండ చూశావా, ఎంత వాచిందో. దాన్ని రాసుకో ముందు” అంది ఆంటీ. మర్నాటి నుంచి రోజూ బ్రేక్‌ఫాస్ట్ దగ్గర ఆయన కాలు స్టూలు మీద పెట్టించి చూసేది. ఆయన ఆమెను “సిస్టర్” అని పిలవడం మొదలుపెట్టాడు.

రెండో రోజు కిల్కెన్నీలో కోట చూసి, సన్నటి రాతి సందుల్లో తిరిగి, ఒక ఉన్ని బట్టల కొట్లోకి వెళ్ళాం. ఆంటీ ఆకుపచ్చ టోపీ ఒకటి కొనుక్కుంది. కొట్టావిడ టీ తాగుతారా అంది. నాకు అలవాటు తప్పి “వద్దండీ” వచ్చేసింది. “చిన్న కప్పు” అందావిడ. “పర్లేదండీ” అన్నాను. “పెట్టేశాను కూడా” అంది. మూడోసారి నోరు తెరిచేలోపే నా చేతిలో కప్పుంది, పక్కన కేకు ముక్కతో సహా.

ఆంటీ ఆనందానికి హద్దు లేదు. “చూశావా? వద్దన్నా వదల్లేదు. అచ్చం మన తెనాలేనే ఇది. నలభై ఏళ్ళు పక్క దేశంలో ఉండిపోయాను చూడు.”

మూడో రోజు కాషెల్. ఊరికి పైన పెద్ద గుట్ట మీద పాత కోట, గోపురం. గైడు గంటా పావు టైమిచ్చింది. అందరూ పైకి నడిచారు. మేమిద్దరం మాత్రం పాత క్రిస్మస్ కార్డు కవరు పట్టుకుని ఊళ్ళోకి దిగాం. ఆ కవరు మీద చేతిరాత చూసి ఆగిపోయాను. అచ్చు వేసినట్టుంది. “వార్డు మొత్తానికీ దానిదే మంచి రాత. డాక్టర్లు కూడా దానిచేతే రాయించుకునేవాళ్ళు” అంది ఆంటీ.

రెండు వీధులు తప్పు తిరిగాం. నలభై అయిదు నిమిషాలు అందులోనే పోయాయి. చివరికి పసుపు తలుపు దొరికింది. ఆంటీ చెయ్యెత్తి, దించేసింది.

“నువ్వు కొట్టవే.”

కొట్టాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగులు. తెల్లజుట్టు, పొడుగ్గా ఉన్న ఒకావిడ తలుపు తీసింది. కుడిచెయ్యి కార్డిగన్ జేబులో ఉంది. ఆంటీని పైనుంచి కిందికి చూసింది.

“నీ టోపీ ఇప్పటికీ వంకరే” అంది.

“బతికుండి కార్డు రాయవా నువ్వు?” అంది ఆంటీ. ఇంగ్లీషులోనే అంది గాని, ఆ తిట్టు మన గుంటూరుదే.

ఆవిడ జేబులోంచి చెయ్యి తీసి చూపించింది. వేళ్ళు ఆగకుండా వణుకుతున్నాయి. “దీంతో నీకెలా రాయను? నా రాత గురించి అందరికీ చెప్పేదానివి నువ్వేగా” అంది.

ఆంటీ ఆ చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడం మణికట్టు దగ్గరే, నాడి చూసినట్టు. అలవాటు కొద్దీ గడ్డం దించి వాచీ కూడా చూసుకుంది. అప్పుడు తెలిసింది, బస్సుకు ఇక ఇరవై నిమిషాలే ఉందని.

“టీ పెడతాను” అంది స్నేహితురాలు.

“వద్దు, బస్సుంది.”

“ఒక్క కప్పేగా.”

“నిజంగా వద్దే, వెళ్ళిపోతుంది.”

“ఆ, వెళ్తుందిలే. కూర్చో.”

ఆంటీ జీవితంలో మొదటిసారి వద్దని నిజంగా అంది. మర్యాదకు అంటోందని ఆవిడ అనుకుంది. మూడో “వద్దు” పూర్తయ్యేసరికి లోపల కెటిల్ కూత మొదలైంది. ఆంటీ నా వైపు తిరిగింది. “అమ్మాయ్, నలభై ఏళ్ళ తర్వాత వచ్చి టీ తాగకుండా లేవలేను. నువ్వెళ్ళి బస్సాపు.”

ఏ క్యూలోనూ ఎవరినీ ఒక నిమిషం నిలబెట్టని నేను వెళ్ళి బస్సాపాలి. కొంత నడిచి, కొంత పరుగెత్తి చేరాను. టైముకు ఒక నిమిషం ముందే ఉన్నాను. గైడు తలలు లెక్కపెట్టి, “మీ ఆంటీ ఏరి?” అంది. వస్తోందన్నాను. ఐదు నిమిషాలు చూసింది. “సారీ, రాత్రి బసకు కిల్లార్నీ చేరాలి, చాలా దూరం ఉంది. రాకపోతే టాక్సీలో రావలసిందే, రూలు మొదటి రోజే చెప్పాను” అంది. నిజమే, ఆ రూలు నా నోటుబుక్కులో కింద గీత గీసి ఉంది. డ్రైవరు ఇంజన్ స్టార్టు చేశాడు. నేను మెట్టు మీద నిలబడి దిగాలా, ఎక్కాలా అని చూస్తున్నాను. దిగితే ఇద్దరమూ మిగిలిపోతాం. ఎక్కితే ఆంటీని వదిలేసినట్టు.

రెండేసి వరసలు జరుగుతూ ఆ రోజుకు చేతికర్ర పెద్దాయన ముందు సీటుకు వచ్చి ఉన్నాడు. మా మాటలన్నీ విన్నాడు. లేచాడు.

“నేనొకసారి టాయిలెట్‌కు వెళ్ళాలి.”

“ఇప్పుడేగా వెళ్ళొచ్చారు” అంది గైడు.

“నా వయసుకు వచ్చాక చూద్దువుగాని” అంటూ నా పక్కనుంచి దిగాడు. ఒక్కో మెట్టూ. కిందికి దిగి, గుట్ట వైపు తిరిగి, ఆ గోపురం ఎప్పటిదని డ్రైవరును అడిగాడు. జవాబు విని, ఇంకోసారి చెప్పమన్నాడు. తర్వాత టాయిలెట్ల వైపు నడుస్తూ నాకు కన్ను గీటాడు. చేతికర్రతో నడిచే పెద్దాయన్ను వదిలేసి ఏ కోచూ కదలదు.

పద్నాలుగు నిమిషాలు. రాసుకున్నాను, ఈసారి విసుగు లేకుండా.

ఆయన తిరిగి మొదటి మెట్టు ఎక్కుతుండగా వీధి మలుపులో ఆకుపచ్చ టోపీ కనిపించింది. ఆంటీ పరుగెత్తడం లేదు. స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, మాట్లాడుకుంటూ, ఇద్దరూ హాస్టల్ నుంచి డ్యూటీకి వెళ్తున్నట్టు వస్తున్నారు. బస్సులో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆంటీ గైడుకు క్షమాపణ చెప్పబోయింది.

గైడు కూడా ఆ దేశపు మనిషే. “టీ వద్దని ఎన్నిసార్లన్నారు?” అని అడిగింది.

“మూడు.”

“మరి ముందే చెప్పొచ్చుగా, అసలు గడియారమే చూసేదాన్ని కాదు.”

బస్సు కదిలింది. పేవ్‌మెంట్ మీద ఆవిడ కుడిచెయ్యే పైకెత్తి ఊపింది. జేబులో దాచుకోలేదు. ఆంటీ టోపీ తీసి కిటికీకి ఆనించి ఊపింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం, ఆంటీ చర్చి నుంచి రాగానే, గోడ అవతల ఫోను మోగేది. ఏం మాట్లాడుకునేవారో తెలియదు గాని నవ్వు మాత్రం మా వంటింట్లోకి వినిపించేది. పోయినేడు కూతురి దగ్గరే ఉండిపోవడానికి కార్డిఫ్ వెళ్ళేముందు ఆంటీ ఆ వాచీ నా చేతిలో పెట్టి, “నీకు టైమంటే ఇష్టంగా. కాని తలకిందులుగా పెట్టుకో, అప్పుడే నీకు తిన్నగా కనిపిస్తుంది” అంది.

కార్డిఫ్‌లో అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో ఒక ఇంగ్లీషావిడ ట్రే పట్టుకుని వచ్చి టీ తీసుకుంటారా అంది. మొదటిసారే తీసుకున్నాను. అప్పుడు ఆంటీ కూతురు పక్కకు వచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కార్డు తీసి ఇచ్చింది. కబురు తెలిశాక కాషెల్ నుంచి, ఆంటీ పేరుకే వచ్చింది. కవరు మీద చిరునామా ఎవరో అచ్చక్షరాల్లో రాశారు. లోపల మాత్రం ఎవరి సాయమూ లేదు. నీలం సిరాతో రెండు ముక్కలు, ఒక అక్షరం గుట్ట ఎక్కితే ఇంకో అక్షరం లోయలోకి జారుతూ, కాగితం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెళ్ళాయి.

“కెటిల్ పెట్టే ఉంచాను. తొందరేం లేదు.”