అచ్చియ్యమ్మ చేతి అచ్చు

మన దేశం పైదేశాలకు ఏమేం పంపుతోందో టీవీలో పెద్దమనుషులు తెగ చెబుతుంటారు. మందులట, రొయ్యలట, బియ్యమట. చోడవరం నుంచి పిడకలు వెళ్తున్న సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తరు. సిగ్గు కాబోలు. అచ్చియ్యమ్మకి ఆ సిగ్గు ఏనాడూ లేదు.

ఆవిడది కె.కోటపాడు పక్క పల్లె. చోడవరం కోడలై వచ్చిన కొత్తలో గోవాడ ఫ్యాక్టరీకి చెరకంతా ఎడ్లబళ్ళ మీదే వెళ్ళేది. సీజన్లో రోడ్డు పొడుగునా బళ్ళు బారులు తీరేవి. ఎద్దు తోక ఎత్తితే చాలు, తట్ట పట్టుకుని అచ్చియ్యమ్మ అక్కడ ప్రత్యక్షం. తన ఇంటి గోడ, పక్కింటి గోడ, సినిమా హాలు వెనక గోడ, ఊళ్ళో పోస్టరు పడని ప్రతి గోడా ఆవిడదే. మొగుడు పోయాక కొడుకు బాలుని సాకింది ఆ గోడల మీది పిడకలే.

తర్వాత దేశం అభివృద్ధి చెందింది. బళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరుకి ఎంత తాగబోసినా పొగ వదుల్తుందే తప్ప పేడ వెయ్యదు. ఇంటింటికీ గ్యాసు బండ దిగింది. ఇక పిడకలు అమ్ముడవ్వాలంటే ఊళ్ళో ఎవరో ఒకరు పోవాలి, లేదంటే ఎవరో ఒకరు ఇల్లు కట్టి పాలు పొంగించాలి. రెండూ రోజూ జరిగేవి కావు కదా.

"ఇంక మానీ అత్తా. ఇల్లంతా కంపు," అంది కోడలు రోజా.

"మాననే. మీరెట్టింది తిని కూకోడానికి నాకేటి రోగం? సచ్చీదాకా నా కూడు నాను సంపాదించుకుంటాను," అంది అచ్చియ్యమ్మ. ఆవిడకి ఆస్తీ అదే, పంతమూ అదే.

అలాంటి రోజుల్లో వచ్చాడు గౌరీశంకర్. బీకాం చదివి, ఉద్యోగం దొరక్క, కంపెనీ పెట్టేసినవాడు. మాడుగుల రోడ్డులో రేకుల షెడ్డు వేసి, గల్ఫ్ దేశాలకు పిడకలు ఎగుమతి చేస్తానన్నాడు. అక్కడ మన తెలుగువాళ్ళు వేలకి వేలు ఉన్నారు, గృహప్రవేశాలు చేసుకుంటున్నారు, హోమాలు చేసుకుంటున్నారు. చమురు బావులు ఎన్ని ఉంటే ఏం లాభం, పిడక దొరకదు. వాళ్ళు మనకి చమురు పంపుతారు, మనం వాళ్ళకి పిడకలు పంపుతాం. దేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదేనట.

అచ్చియ్యమ్మ పనిలో చేరింది. మొదటిరోజే చేతికి రబ్బరు తొడుగులిచ్చారు.

"ఇయ్యేసుకుంటే పేడ తడి నాకెలా తెలుస్తాది బాబూ?" అందావిడ.

"ఫారిన్ పార్టీలు పిన్నీ. వేలి గుర్తులు కనపడకూడదు. డిఫెక్టంటారు. ఫినిషింగుండాల," అన్నాడు గౌరీశంకర్.

పుట్టి బుద్ధెరిగాక తన వేళ్ళని తప్పుపట్టినవాణ్ణి ఆవిడ చూడలేదు. అయినా కూడు సంపాదించుకోవాలి కదా. తొడుగులేసుకుని, స్టీలు పళ్ళెంతో అదిమి, బిస్కెట్లలాంటి నున్నటి పిడకలు చేసింది. అవి ఓడెక్కాయి. కొన్నాళ్ళకి అటునుంచి కబురొచ్చింది. ఇవి పిడకల్లా లేవట, ఫ్యాక్టరీ సరుకట. మా అమ్మమ్మ గోడకి కొట్టిన పిడక మీద అయిదు వేళ్ళూ ఉండేవి, అవేవని అడిగారట.

గౌరీశంకర్ పరుగున వచ్చాడు. "పిన్నీ, గ్లవ్స్ తీసీ. వేళ్ళు కావాల! బాగా పడాల!"

"నాను మొదట్నించీ అదే కదా సేసీదాన్ని," అంది అచ్చియ్యమ్మ.

షెడ్డులో ఉన్న ఆడవాళ్ళలో ఈవిడ వేళ్ళే చక్కగా పడ్డాయి. డబ్బా మీద ఆవిడ చేతి బొమ్మ వేశారు. బాలుకి పాస్‌పోర్టు తీసి ఏళ్ళయినా అనకాపల్లి దాటలేదు. తల్లి చెయ్యి మాత్రం దుబాయ్, కువైట్ తిరుగుతోంది. ఇల్లంతా కంపు అన్న రోజాయే వీధిలో అందరికీ ఆ డబ్బా చూపించింది. అచ్చియ్యమ్మకి ఒళ్ళు తెలియలేదు. ఇన్నేళ్ళకి తన పనికి విలువొచ్చిందని పొంగిపోయింది.

గిరాకీ పెరిగింది. ఉన్న చేతులు చాలలేదు. ఒకరోజు విశాఖపట్నం నుంచి ఒకాయన్ని తీసుకొచ్చి, ఆవిడ చేతిని తెల్లటి ముద్దలో అదిమించి అచ్చు తీయించాడు గౌరీశంకర్. పెద్దవాళ్ళకి విగ్రహాలు చేయించేటప్పుడు ఇలాగే తీస్తారని ఎవరో అంటే ఆవిడ నిజమే అనుకుంది. కదలకుండా కూర్చుంది. ఆ సాయంత్రం చెయ్యి రెండుసార్లు తోముకుని మురిసిపోయింది.

విగ్రహం రాలేదు, మిషను వచ్చింది. ఇటు పేడ పోస్తే అటు పిడక. పిడక మీద అయిదు వేళ్ళు. అన్నీ అచ్చియ్యమ్మవే.

"మరి నాకు పనేటి బాబూ?" అని అడిగింది.

"నీకెందుకు పిన్నీ కష్టం! నీ చెయ్యి ఇక్కడ పనిచేస్తంది కదా. నువ్వు రెస్టు తీసుకో," అన్నాడు గౌరీశంకర్, ఎంతో ప్రేమగా. డబ్బా మీద 'చేతితో చేసినవి' అన్న మాట అలాగే ఉంది. ఇదేమిటని అడిగితే, చెయ్యి ఆవిడదే కదా, ఇందులో అబద్ధమేముందన్నాడు. వాడితో వాదించడానికి ఆవిడ బీకాం చదవలేదు.

అచ్చియ్యమ్మ మళ్ళీ తన గోడ దగ్గరికే వచ్చింది. తొడుగుల్లేవు, పళ్ళెం లేదు. కొట్టింది, ఎండబెట్టింది, కొనేవాళ్ళ కోసం ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. ఎగుమతిలో మిగిలిన డబ్బాలు ఊళ్ళో కొట్లలోకి కూడా దిగాయి మరి. "సెప్పేను కదా అత్తా," అంటూ రోజా కంచంలో అన్నం పెట్టింది. ఆవిడ రెండు ముద్దలు తిని లేచింది.

చివరికి ఒక బేరం వచ్చింది. కొత్తగా ఇల్లు కట్టుకున్న సంధ్యారాణి టీచరు, చేతిలో కంపెనీ డబ్బాతో వచ్చింది. అందులోవి చాలలేదట. డబ్బాలోంచి ఒకటి తీసి, గోడ మీదివాటి పక్కన పెట్టి, అటూ ఇటూ చూసింది.

"నీవి డూప్లికేటా మామ్మా?"

అచ్చియ్యమ్మ ఆ కంపెనీ పిడక మీద తన చెయ్యి ఆనించింది. ఏ వేలి గుంటలో ఆ వేలు సరిగ్గా కూర్చుంది.

"అరె! అచ్చం కంపెనీవాళ్ళలాగే చేస్తున్నావే! ఎక్కడ నేర్చుకున్నావు?" అంది టీచరు మెచ్చుకోలుగా.

అచ్చియ్యమ్మకి, ఇవి నా వేళ్ళే, నా దగ్గర్నించే వాళ్ళు ఎత్తుకుపోయేరు అని కేకెయ్యాలనిపించింది. వేస్తే పిచ్చిదనుకుని టీచరు వెళ్ళిపోతుంది. ఇంట్లో కోడలు కంచం పెట్టే వేళవుతోంది.

"కంపెనీవోల్లని సూసే నేర్సుకున్నానమ్మా," అంది అచ్చియ్యమ్మ. "ఎన్ని కావాల?"