కాయితం దూరేంత సందు

నాకు గర్భసంచి తీసేసిన ఏడాది, మాఘమాసం నుంచి ఆరు వారాల పాటు పగళ్ళు కూడా నిద్రలోనే గడిపినట్టు గుర్తు. పూర్తి నిద్ర అనలేను. మందుల మత్తు, కిటికీలోంచి పక్క మీద పడే ఎండ, దూరంగా రైలు గోదావరి వంతెన దాటే చప్పుడు, అన్నీ ఒకే నీళ్ళలో తేలుతున్నట్టుండేవి. "బిందెడు నీళ్ళు కూడా ఎత్తకూడదండి" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపారు. నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. రోజుకు ఐదు క్లాసులు నిలబడి చెప్పే మనిషిని, ఉన్నట్టుండి మంచానికి అతుక్కుపోయాను.

అలా పడుకుని ఫోనులో ఏవేవో చూస్తుంటే ఒక వీడియో నన్ను పట్టుకుంది. ఎక్కడిదో అడవి. నాచు పట్టిన రాళ్ళ మీద జానెడు పొడవున్న రిమోటు ట్రక్కు ఒకటి పాకుతూ ఎక్కుతోంది. దానికి తొందర లేదు. ఒక చక్రం రాతి అంచు అందుకుంటుంది, తడుముకుంటుంది, జారుతుంది, మళ్ళీ అందుకుంటుంది. వీడియోలో మాటా లేదు, పాటా లేదు. చూస్తూ చూస్తూ నిద్రపోయాను. నిద్రలో ఆ రాళ్ళు నేనే ఎక్కాను. లేచి మొహం కడుక్కోకుండానే అలాంటిదే ఒకటి ఆర్డరు పెట్టేశాను. "ఏంటిది?" అని మా ఆయన అడిగితే "కాలేజీలో పిల్లలకి గేర్ల లెక్కలు చూపించడానికి" అన్నాను. అబద్ధం. నా కోసమే కొనుక్కున్నాను.

మా ఆయన ఉద్యోగం సామర్లకోటలో, రైల్వేలో. పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే ఇల్లు చేరేది. మా అమ్మాయి విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అత్తయ్యగారు పోయి ఏడేళ్ళు. పగలంతా ఇంట్లో నేనూ, మా మావయ్యగారూ. పద్ధెనిమిదేళ్ళ కాపురంలో మేమిద్దరమే అన్ని రోజులు ఒక కప్పు కింద ఉండటం అదే మొదలు.

మావయ్యగారు గోదావరి మీద తిరిగే లాంచీలో ఇంజిను మెకానిక్కుగా ముప్పయ్యేళ్ళు పైగా పనిచేశారు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, వల వదిలి ఇంజిను పట్టుకున్న మనిషి. నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. నేను పక్కనే నిలబడి వడ్డిస్తున్నా "పులుసు బాగుందని చెప్పు" అని కొడుకుతో అనేవారు. మా పుట్టింటివాళ్ళు లూథరన్ చర్చికి వెళ్ళే టీచర్లు. వీళ్ళు గంగమ్మకు మొక్కుకునేవాళ్ళు. మా పెళ్ళి ఆయనకు మింగుడుపడలేదని కాపురానికొచ్చిన కొత్తలోనే నేను లెక్క తేల్చేసుకున్నాను. ఒకసారి తేలిపోయిన లెక్కను మళ్ళీ ఎవరు చేస్తారు?

బండి వచ్చింది. ఎర్రటిది, అరకిలో కూడా ఉండదు. ఎత్తడానికి డాక్టరమ్మ కూడా ఒప్పుకునేంత బరువు. మొదటి రోజు దిండ్లు ఎక్కించాను, చెప్పులు దాటించాను. పెరట్లో వాడకం లేక బోర్లించిన రుబ్బురోలు దగ్గరకు వచ్చేసరికి సగం ఎక్కి వెల్లకిలా పడిపోయింది. నాలుగు చక్రాలూ గాల్లో తిరుగుతున్నాయి. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. కాసేపు చూస్తే సంగతి అర్థమైంది. బ్యాటరీ పైన ఉండటంతో బరువంతా ఎత్తులో ఉంది. స్ప్రింగులు గట్టివి కావడంతో ఒక చక్రం లేస్తే బండి మొత్తం లేస్తోంది. టైర్లు రాతిని పట్టుకోవడం లేదు.

అక్కణ్ణుంచి మొదలైంది నా పిచ్చి. ఇరుసుల్లో ఉన్న ప్లాస్టిక్ గొట్టాల బదులు బుల్లి బేరింగులు, నూనె పోసే షాకబ్జర్లు, మెత్తటి టైర్లు, ఇరుసులకు తగిలించే ఇత్తడి బరువులు... వారానికి ఒకటో రెండో చిన్న కవర్లు వచ్చేవి. వాటిని దిండు కింద పెట్టుకుని పడుకున్న రోజులున్నాయి.

మొదట గేరు మార్చాను. మోటారు కొసన ఉండే పళ్ళ చక్రం మిరపగింజకన్నా కాస్త పెద్దది. దాని బదులు ఇంకా చిన్నది వేస్తే బండి నెమ్మదిస్తుంది, లాగే బలం పెరుగుతుంది. వేశాను. నడిపితే కీచుమని ఒకటే అరుపు. డైనింగ్ టేబుల్ మీద పెట్టి విప్పాను, బిగించాను. నాలుగోసారి విప్పుతుండగా వరండాలోంచి వినపడింది.

"అమ్మాయ్."

మావయ్యగారి గొంతు. మా ఆయన వచ్చారేమోనని గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేరు.

"ఆ పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటన్నాయి. బాగా దగ్గరగా బిగించేసినట్టున్నావు."

"వదులు చేస్తే జారిపోతున్నాయండి" అన్నాను.

ఆయన లోపలికొచ్చారు. చేతులకేమీ అంటకపోయినా తువ్వాలుతో తుడుచుకున్నారు. చదువుతున్న పేపరు అంచు సన్నగా చింపి నా ముందు పెట్టారు. "ఈ రెంటి మజ్జిన కాయితం పెట్టు. దగ్గరికి నొక్కి అప్పుడు బిగించు. చక్రం తిప్పితే కాయితం అదే బయటికొచ్చేస్తది. కాయితం దూరేంత సందు ఉండాలి. అంతకన్నా దగ్గరైతే అరుస్తాయి. దూరమైతే పళ్ళిరిగిపోతాయి."

అలాగే చేశాను. చక్రం తిప్పితే కాగితం అవతలి వైపు నుంచి ముడతలు ముడతలుగా బయటికొచ్చింది. మీట నొక్కితే అరుపు లేదు. దూరంగా తుమ్మెద ఎగిరినట్టు సన్నని మోత. ఆయన తల వంచి, కళ్ళు మూసుకుని ఆ మోత విన్నారు. వెళ్ళి వరండా కుర్చీలో కూర్చున్నారు.

ఆ తర్వాత మధ్యాహ్నాలన్నీ ఆ టేబుల్ దగ్గరే. ఆయన ముందు నిలబడి చూసేవారు, తర్వాత కుర్చీ లాక్కున్నారు, ఆ తర్వాత కళ్ళజోడు తెచ్చుకున్నారు. షాకబ్జర్లలో నూనె పోసిన రోజు బాగా గుర్తుంది. అగ్గిపుల్లలో సగం పొడవుండే గొట్టాలు నాలుగు. చుక్క చుక్కగా నూనె పోసి, లోపలి గాలి బుడగలు పైకి వచ్చేదాకా ఆగాలి. బుడగ ఉండిపోతే షాకబ్జరు కుదురుగా పనిచేయదు. గొట్టాలు నాలుగింటినీ ఒక చెక్కకు చిల్లులు పెట్టి అందులో నిలబెట్టాం. ఎండ వాటి మీద పడుతోంది. ఆవగింజలో సగముండే బుడగ ఒకటి అడుగు నుంచి బయలుదేరి, మధ్యలో ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ పైకి కదిలింది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. వీధిలో చేపలమ్మే ఆవిడ కేక వినిపించి, దూరమై, పోయింది. ఎంతసేపు కూర్చున్నామో తెలీదు.

"తొందరపడకూడదు. డీజిలు లైన్లో గాలి కూడా ఇంతే. అదే రావాలి" అన్నారాయన, బుడగతో చెబుతున్నట్టు.

చివరగా ముందు ఇరుసుకు ఇత్తడి బరువులు బిగించాం. ఆ సాయంత్రం బండి రుబ్బురోలు ఎక్కింది. ఒక చక్రం పైకి లేచినా మిగతా మూడూ రాతిని కరుచుకునే ఉన్నాయి. పైకెక్కి నిలబడింది. నేను చప్పట్లు కొట్టాను. కుట్లు లాగి "అబ్బా" అన్నాను. ఆయన గబుక్కున కుర్చీ తెచ్చి వేశారు.

చైత్రం వచ్చేసరికి నన్ను నడవనిచ్చారు. అప్పటికి ఎగువ రేవు దగ్గర ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. మా ఇంటికి పది నిమిషాల నడక. "మీరూ రండి మావయ్యగారూ, ఇసుకలో నడిపిద్దాం" అంటే "నేనెందుకులేమ్మా" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. మా ఆయనను అడిగితే చెప్పారు. లాంచీని తుక్కు కింద ఆ రేవులోనే కోశారట. ఆ రోజు నుంచి నాన్న అటు వెళ్ళలేదు, పదకొండేళ్ళు అన్నారు. ఇన్నాళ్ళూ ఒక ఇంట్లో ఉండి నాకు ఆ సంగతి తెలియదు.

మర్నాడు తెల్లవారుతూనే బండిని సంచిలో పెట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. పొగమంచు ఇంకా విడలేదు. తిన్నెకూ నీళ్ళకూ ఆకాశానికీ ఒకటే రంగు. వంతెన కనపడటం లేదు గానీ దాని మీద రైలు వెళ్తున్న చప్పుడు మాత్రం మబ్బులోంచి వస్తోంది. సంచి దింపి చూస్తే రిమోటు లేదు. నిజంగానే మరిచిపోయాను. కావాలని చేశావని మా ఆయన ఇప్పటికీ అంటారు. అంత తెలివి నాకా పొద్దున లేదు.

వెనక్కి తిరిగితే మంచులోంచి మావయ్యగారు వస్తున్నారు. లుంగీ పైకి కట్టి, రిమోటును రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా రేవు మెట్లు దిగుతున్నారు.

"మర్చిపోయావమ్మా" అన్నారు. ఆయన చూపు నా మీద లేదు. నీళ్ళ మీద ఉంది.

బండిని ఇసుకలో వదిలాను. నాలుగు అడుగులు వెళ్ళి ముందు చక్రాలు కూరుకుపోయాయి. మీట గట్టిగా నొక్కితే ఇంకా దిగబడింది.

"ఆపు, ఆపు. ఇసుక మేట మీదెక్కిన లాంచీని ఇంజినుతో లాక్కూడదు. ముందు సరుకు దింపాలి."

ఇసుకలో గొంతుక్కూర్చుని ఇత్తడి బరువులు విప్పేశాం. రాతి మీద బండిని కాపాడిన బరువే ఇసుకలో ముంచేస్తోంది. ఆ ముక్కలు ఆయన చొక్కా జేబులో వేసుకున్నారు. తేలికైన బండి ఇసుక మీద ఈదినట్టు పోయింది. రిమోటు ఆయన చేతికిచ్చాను. వద్దంటారనుకున్నాను. తీసుకున్నారు. మలుపుల్లో ఆయన నాలా ఠక్కున తిప్పలేదు. ముందుగానే కొంచెం తిప్పి, బండిని దాని దారిన తేలనిచ్చి, మళ్ళీ సరిచేశారు. తడి ఇసుక మీద దాని జాడ మెలికలు మెలికలుగా, నీటిపాములా సాగింది.

ఆ బండికి కాస్త ఎడమకు లాగే గుణముంది. రిమోటు మీద చిన్న మరతో దాన్ని సర్దుకోవాలి. ఆయనకు చెప్పడం మరిచాను. ఎడమకు ఎడమకు లాగుతూ పోయి తిన్నె అంచున పాయలోకి జారింది. బుడుంగుమని మునిగింది.

నేను కేక వేసేలోపే ఆయన నీళ్ళలోకి దిగిపోయారు. మోకాళ్ళ లోతు. వంగి, తడిమి, బండిని పైకి తీశారు. దానిలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఒడ్డుకు రాలేదు. అక్కడే నిలబడిపోయారు. నాకు భయమేసి చెప్పులు వదిలి నేనూ అంచుదాకా వెళ్ళాను.

"అదిగో, ఆ రాయి దగ్గర కోశారు" అన్నారు. "ఇంజిను మటుకు బానే ఉంది. చెప్పాను. ఎవడూ ఇన్లేదు."

ఇటు తిరక్కుండానే మళ్ళీ అన్నారు. "మీ పెళ్ళినాడు కూడా ఇక్కడే, నడి గోదాట్లో లాంచీ ఆగిపోయింది."

పెళ్ళినాడు ఆయన చర్చిలో చివరి బెంచీ వెనక, తలుపు దగ్గరే నిలబడిపోయారు. ఫోటోకు రమ్మని ఎంత పిలిచినా రాలేదు. నా లెక్క మొదలైంది ఆ రోజే.

"బాగుచేసి పరిగెత్తుకుంటా వచ్చాను. మోచేతులదాకా నల్లటి ఆయిలు. సబ్బుకి పోలేదు. మీ వాళ్ళంతా మల్లెపువ్వుల్లాంటి బట్టల్లో ఉన్నారు. ఎలా వస్తానమ్మా ముందుకి?"

"ఒక్కసారైనా చెప్పలేదేంటండీ?"

"చెప్దామనుకునేవాణ్ణి. చదువుకున్న పిల్ల, మనతో ఏం మాట్లాడుద్దిలే అనుకునేవాణ్ణి. నువ్వూ అడగలేదు. అలా ఏళ్ళయిపోయినయ్."

నాకు ఏడుపు రాలేదు. పాయ నీళ్ళు నా కాళ్ళ చుట్టూ తిరిగి పోతున్నాయి. మంచులోంచి ఎండ ఇంకా పూర్తిగా రాలేదు. "చలిగా ఉంది, రండి మావయ్యగారూ" అని చెయ్యి చాచాను. ఆయన బండిని నా చేతికిచ్చి, తర్వాత తన చెయ్యి ఇచ్చారు.

బండిని మూడు రోజులు బియ్యంలో పెట్టాం. మోటారు బతికింది. ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు మాత్రం పోయింది. నీళ్ళకు తట్టుకునేది తెప్పించి వేశాం. నేను కాలేజీకి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన ఎవరి తోడూ లేకుండానే పొద్దున్నే రేవు దాకా నడిచొస్తున్నారు. మా ఆయనకు ఇప్పుడు మా ఇద్దరి మధ్య కబుర్లు మోసే పని లేదు. ఒకరోజు భోజనాల దగ్గర మావయ్యగారు "పులుసులో ఉప్పెక్కువైందమ్మా" అని మొహం మీదే అనేశారు.

వేసవి సెలవులయ్యాక ఒక ఆదివారం ముగ్గురం కోరుకొండ వెళ్ళాం. మోకాళ్ళ నొప్పులతో మావయ్యగారు గుడి మెట్లు ఎక్కలేరు. మా ఆయన దర్శనానికి పైకి వెళ్ళారు. మేమిద్దరం కొండ కింద బండరాళ్ళ మధ్య బండిని దింపాం. గాలి చల్లగా ఉంది, పైనుంచి గంట మోగుతోంది. రెండు బండలు ఎక్కింది. మూడోది మాత్రం సాయంత్రం దాకా ప్రయత్నించినా ఎక్కలేదు.

"ఆ చిన్న పళ్ళ చక్రం ఇంకో సైజు తగ్గించాలమ్మా. రేపు మారుద్దాం."

"రేపు నాకు కాలేజీ ఉందండి."

"అయితే నేనే విప్పుతాలే."

సోమవారం నేను ఇంటికొచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి ఉంది. బండి బిగించేసి, తుడిచేసి, దాని మధ్యలో నిలబెట్టి ఉంది. పక్కనే ఒక స్క్రూ.

"ఇదొకటి మిగిలిందమ్మా. ఎక్కడిదో తెలీట్లేదు" అన్నారు, చిన్నగా.

ఇద్దరం కళ్ళజోళ్ళు పెట్టుకుని చీకటి పడేదాకా వెతికాం. ఆ స్క్రూ ఎక్కడిదో నాకూ తెలియలేదు. బండి మాత్రం బాగానే నడుస్తోంది.