బద్లాపూర్‌లో కాసిన రాస్ప్‌బెర్రీ

మొన్న ఫోరస్ రోడ్ మలుపులో ఒక పండ్ల బండి మీద చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో రాస్ప్‌బెర్రీలు కనిపించాయి. ఎర్రటి పూసలు గుచ్చి ఉండ కట్టినట్టున్నాయి. బండివాడు ఒకటి నా చేతిలో పెట్టి రుచి చూడమన్నాడు. నోట్లో వేసుకున్నాను. బాగుంది. కొనబోయి మానేశాను. మా అక్క నాతోనే, మా బారు గదుల చాళీలో, అదే ఒంటిగది ఖోలీలో ఉంటోంది. ఈ పండు ఆమె కంటపడేలా ఇంటికి తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు.

నిజానికి బొంబాయిలో మా కామాఠిపురా తెలుగువాళ్లకు రాస్ప్‌బెర్రీ అంటే ఇరానీ హోటల్లో సీసాలో ఇచ్చే ఎర్ర సోడా. అది తాగి నాలుక ఎంత ఎర్రబడిందో ఒకరికొకరం చూపించుకోవడమే తప్ప, అలాంటి పండొకటి ఉంటుందని, దానికి చెట్టుంటుందని మాలో ఎవరమూ అనుకోలేదు. మా తాతలు పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో ఎందరెందరి ఇళ్లకో రాళ్లు మోశారు గాని, తమకు మాత్రం ఒక తులసి కుండీకి సరిపడా జాగా కూడా మిగుల్చుకోలేదు. మాకున్న తోటల్లా మేడ మీది గచ్చి. అక్కడ వడియాలు ఎండుతాయి, పావురాలు వాటిని తింటాయి.

మా బావ పోయాక అక్క పుట్టింటి ఖోలీకే తిరిగొచ్చింది. గోడ అవతలి ఖోలీలో ఆమె సోపతి ఉండేది. సోపతి అంటే మా వైపు స్నేహితురాలు. ఇద్దరూ ఆ వరండాలోనే పాకి, అక్కడే జడలు వేసుకుని, ఒకే ఏడు పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు. నాగ్‌పాడా కార్ఖానా నుంచి తెచ్చిన రెక్సిన్ సంచుల కుప్ప మధ్యలో పోసుకుని, చెరోవైపు కూర్చుని పట్టీలు కుట్టేవాళ్లు. ఒక ఇంటి కూర ఇంకో ఇంటికి మూత పెట్టకుండానే వెళ్లేది. వాళ్లు మాట్లాడుకోవడం ఆపేస్తే ఎవరికో ఒంట్లో బాగాలేదని మా ఆవిడ కనిపెట్టేది.

ఒక చలికాలం చాళీ ఆడవాళ్లంతా బస్సు కట్టుకుని మహాబలేశ్వర్ వెళ్లారు. అక్కడ ఒక తోటలో వీళ్లిద్దరూ మొదటిసారి ఈ పండు తిన్నారు. తోటాయన్ని ఎంత బతిమాలారో గాని, తడి గోనెలో చుట్టిన రెండు పిలకలతో తిరిగొచ్చారు. దారంతా ఒళ్లో పెట్టుకోవడంతో ఇద్దరి చేతులూ ముళ్లు గీసుకుపోయాయి. గచ్చి మీద రెండు నీలం పీపాలకు అడుగున చిల్లులు పొడిపించి నాటారు. ఈ ఏడు లేచిన కొమ్మ వచ్చే ఏడు కాస్తుందని తోటాయన చెప్పాడట. ఆ మాట పట్టుకుని అక్క ఎదురుచూసింది.

బొంబాయి ఎండ ఆ మొక్కకు శత్రువు. అక్క పాత చీరలతో పందిరి వేసింది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో మంచుగడ్డల దుకాణం నుంచి ముక్కలు తెచ్చి పీపాల మట్టి మీద గోనె పరిచి పెట్టేది. కింది అంతస్తు ముసలాయన మెట్ల దగ్గర కూర్చుని, "ముండ్లచెట్టుకు మంచుగడ్డలా? మాకు తాగనీకి సల్ల నీళ్లు లేవు" అనేవాడు. మొదటి చలికాలం ఒక్క పండూ రాలేదు. చాళీ అంతా నవ్వింది. రెండో చలికాలానికి తెల్లటి పూలు పూసి, పచ్చటి పిందెలు పడ్డాయి. ఆ సాయంత్రం సోపతి గచ్చి మీద నిలబడి, "వచ్చే ఏడు ఇంగో పీపా పెడ్దామే" అంది. నేను విన్నాను.

పిందెలు రంగు తిరుగుతుండగా పాలమూరులో మా పెద్దమ్మ పోయింది. దినాలు అయ్యేవరకూ ఉండాలని మేమందరం బయల్దేరాం. అక్క అడుగడుక్కీ గచ్చి వైపు చూస్తుంటే సోపతి ఆమెను మెట్ల దాకా నెట్టుకొచ్చింది. "నువ్ ఫికర్ చెయ్యకు. నీళ్లు నేను పోస్త. నువ్వొచ్చేదాంక ఒక్క పండు తెంప."

తిరిగొచ్చేసరికి పక్క ఖోలీకి కొత్త తాళం ఉంది. అక్క సంచి దించకుండా గచ్చి ఎక్కింది. పీపాలు ఉన్నచోట రెండు గుండ్రటి తడి మరకలు, పక్కన మడత పెట్టిన పాత చీరలు. ఎదురింటి ఆమె పైకి వచ్చి విషయం చెప్పింది. సోపతి వాళ్లు బొంబాయి అవతల బద్లాపూర్‌లో ఇల్లు కొనుక్కుని, టెంపోలో సామాన్లు వేసుకుని వెళ్లిపోయారు. ఆ ఇల్లు మాట్లాడుకుని అప్పటికే ఏడాది దాటిందట.

"నీకు చెప్పిననన్నది గద అక్కా. నీకు మాలూమ్ లేదా?" అంది ఆమె.

అక్క వంగి మడత చీరలు తీసుకుంది. "చెప్పింది. నేనే మర్శిన" అంది. ఆ చీరలు చంకన పెట్టుకుని కిందికి దిగింది.

ఏడాది పాటు ఇటునుంచి ఫోను వెళ్లలేదు, అటునుంచి రాలేదు. అక్క ఒక్కతే కూర్చుని పట్టీలు కుట్టేది. మధ్యలో సూది ఆపి ఏదో లెక్క చూసుకుంటున్నట్టు గోడకేసి చూసేది. ఒకసారి నన్ను పిలిచి, "ఇంగో పీపా పెడ్దామన్ననాటికి ఇల్లు మాట్లాడుకునే ఉండెనా తమ్మీ?" అని అడిగింది. మళ్లీ చలికాలం వచ్చాక ఒక ఆదివారం తనే, "బద్లాపూర్ పోదాం" అంది.

కింది అంతస్తు ఇల్లు. తలుపు తీసిన సోపతి మమ్మల్ని చూసి గడపలోనే ఆగిపోయింది. లోపలికి తీసుకెళ్లింది. వెనక చిన్న జాగాలో, నేలలో, గోడ పొడుగునా రాస్ప్‌బెర్రీ అల్లుకుపోయింది. పందిరి లేదు, మంచుగడ్డ లేదు. కొమ్మకొమ్మకూ పండ్లు. అక్క మంచుగడ్డలు మోసి బతికించిన చెట్టు, ఆ కొత్త ఇంట్లో ఎవరి చాకిరీ అక్కర్లేకుండా కాస్తోంది. అక్క ముఖం అక్కడ మారింది, సోపతిని చూసినప్పుడు కాదు.

సోపతి స్టీలు గిన్నెలో పండ్లు తెచ్చిపెట్టింది. "చెప్తె నువ్వు ఏడుస్తవే. నువ్వేడిస్తె నేను గడప దాటలేను. అందుకనే చెప్పలే."

"ఏడుస్తుంటి," అంది అక్క. "ఏడ్చి నీ సామాను నేనే గట్టిస్తుంటి."

సోపతి తల దించుకుంది. "చెట్లు అక్కడుంటె ఎండకు సస్తయనుకున్న."

"రెండు ఎండకాలాలు నేను సావనిచ్చిన్నా?"

అక్క గిన్నెలోంచి ఒక పండు తీసుకుంది. తను పెంచిన చెట్టు పండు ఆమె నోట్లో పెట్టుకోవడం అదే మొదలు. మెల్లగా నమిలి, "తియ్యగున్నయి" అని గిన్నె నా వైపు జరిపింది.

వెళ్లేటప్పుడు సోపతి ఒక పిలకను వేరుతో సహా తవ్వి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇచ్చింది. అక్క కాదనలేదు. లోకల్ రైల్లో ఠాణే దాకా దాన్ని ఒళ్లో పెట్టుకుంది, తర్వాత సీటు కిందికి తోసింది. భాయ్‌ఖళాలో దిగుతూ నేను సంచి కోసం వంగితే నా చెయ్యి పట్టుకుంది. "ఉండనీ తమ్మీ. ఎవ్వరన్న తీస్కపోతరు."

రైలు కదిలిపోయింది. ఆ తర్వాత ఆమె సోపతి పేరు ఎత్తలేదు, తిట్టనూ లేదు. కాని చిన్ననాటి కబుర్లు చెప్పడం కూడా మానేసింది, ఎందుకంటే వాటన్నిటిలోనూ ఆ మనిషి ఉంది. రాబోయే కాలాన్ని ఎవరైనా పాడుచేయగలరు గాని, గడిచిపోయిన కాలాన్ని పాడుచేయడం బాగా దగ్గరివాళ్లకే చేతనవుతుంది.