అనుమానం సరుకు

లోకంలో ఏ వస్తువూ మొదటిసారికి పనిచెయ్యదని తుపాకుల మేస్త్రీకి గట్టి నమ్మకం. జీవితంలో ఆయన నమ్మినది అదొక్కటే. రైఫిల్ క్లబ్బులో తుపాకుల గది తాళాలు ఆయన దగ్గరుండేవి. పొద్దున్నే తలుపు తెరిచి, లోపలి తేమ వాసన పీల్చి, "పేలవు" అనేవాడు. ఏవి పేలవో ఎవరూ అడిగేవారు కాదు. అన్నీ అన్నమాట. క్లబ్బులో అందరూ ఎదురుగా మేస్త్రీ గారూ అనేవారు, చాటున పేలదు గారు అనేవారు.

ఈ నమ్మకానికి మూలం క్లబ్బులోని చిన్న రైఫిళ్ళు. వాటి తూటాకి నిప్పంటించే మందు నడిమధ్యన ఉండదు. అడుగున మడతపెట్టిన అంచులో చుట్టూ పల్చగా పాకి ఉంటుంది. రైఫిల్లోని సూది వచ్చి ఆ అంచు మీద కొడితే పేలుతుంది. కొట్టిన చోట మందు లేకపోయినా, తేమకి చచ్చినా, టిక్కుమని ఊరుకుంటుంది. అప్పుడు తొందరపడి తెరవకూడదు. ఒక్కొక్కటి ఆలస్యంగా పేలుతుంది. గొట్టం గురి వైపే ఉంచి కాసేపు ఆగాలి. ఈ నియమం తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు. దాన్ని గొడుగులకీ, గ్యాస్ లైటర్లకీ, పిలిస్తే పలకని బంధువులకీ కూడా వర్తింపజేసినవాడు మాత్రం మేస్త్రీ ఒక్కడే.

క్లబ్బు కార్యదర్శికి బజారులో కుర్చీల కొట్టుంది. ఒక ముసురు సాయంత్రం ఆయన గుమ్మంలోంచి చూస్తే, మేస్త్రీ రోడ్డు పక్కన నిలువునా తడుస్తున్నాడు. చేతిలో గొడుగుంది, మూసే ఉంది. దాని కొసని నేలకి గురిపెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, బొమ్మలా నిలుచున్నాడు.

"మేస్త్రీ గారూ, గొడుగుండగా ఆ తడవడమేమిటండీ?"

"మీట నొక్కానండీ, తెరుచుకోలేదు."

"మళ్ళీ నొక్కండి."

"తొందరపడకూడదండీ. ఆలస్యంగా తెరుచుకునే రకాలుంటాయి. మీరు ముందుకి రాకండి."

కార్యదర్శి వెళ్ళి గొడుగు లాక్కుని నొక్కాడు. టప్పున తెరుచుకుంది. మేస్త్రీ దాన్ని కిందనుంచి పైదాకా చూసి, "ఈసారికి సరే" అన్నాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. వాన తగ్గేదాకా కూర్చోమని కొట్లో కుర్చీ వేస్తే, కూర్చోకుండా దాన్ని తలకిందులు చేసి, ఒక్కో కాలూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "చప్పుడు రావడం లేదు గానీ, నమ్మలేం" అన్నాడు. పక్కనే భోజనాల బల్లా కుర్చీలూ బేరమాడుతున్న దంపతులు మొహమొహాలు చూసుకుని, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఆ బల్లా కుర్చీలూ కార్యదర్శి కడుపులో అలాగే ఉండిపోయాయి.

ఆ రోజుల్లో క్లబ్బు కూడా ఏడుపు మొహమే వేసుకుని ఉండేది. సభ్యులు ఒక్కొక్కరే మానేశారు. తుపాకుల గది పైకప్పు కారేది. బాగుచేయించాల్సింది కార్యదర్శి, ఆయనేమో చూద్దాం చూద్దాం అంటూ నెట్టుకొచ్చేవాడు. కొత్త తూటాల పర్మిట్టు ఎక్కడో ఆగిపోయింది. పాత నిల్వతోనే సరిపెట్టుకోవాలి. భార్య పోయాక మేస్త్రీకి ఇంటి దగ్గర పలకరించే దిక్కు లేదు. కారే చోట బకెట్టు పెట్టుకుని, ఒక్కో తూటా వేళ్ళ మధ్య తిప్పుతూ, అంచు తడుముతూ పగలంతా ఆ గదిలోనే కూర్చునేవాడు. ఆ గది కూడా లేకపోతే ఆయనకి ఇంకేమీ లేదు.

ఇంత చేసినా, ఏటా జరిగే పోటీలో అందరి రైఫిళ్ళూ పేలేవి, మేస్త్రీది తప్ప. పళ్ళ డాక్టరమ్మది మొదటి స్థానం, కార్యదర్శిది రెండోది, మేస్త్రీది ఆఖరుది. ఆయన రైఫిలు ఒకసారి పేలితే ఒకసారి టిక్కుమనేది. టిక్కుమన్నప్పుడల్లా ఆయన ఆగేవాడు. ఆగి ఆగి, డబ్బాలో సగం తూటాలు ఉండగానే గంట కొట్టేసేవారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టుందని అందరూ నవ్వేవారు. మేస్త్రీ కూడా కాస్త ఆలస్యంగా నవ్వేవాడు.

చివరికి ఒక ఏడు, పోటీకి ముందు, కార్యదర్శి తుపాకుల గదికి వచ్చాడు.

"మేస్త్రీ గారూ, దాపరికమెందుకు, ఇక్కడ మా బావమరిదిని పెడదామనుకుంటున్నాను."

"నా వల్ల తప్పేమైనా జరిగిందా అండీ?"

"మీ రైఫిలే మీ మాట వినదు. మా రైఫిళ్ళు మీకెలా అప్పజెప్పమంటారు? ఈసారి మీ తూటాలన్నీ పేలితే సరే. లేదంటే పోటీ అయ్యాక తాళాలిచ్చెయ్యండి."

బకెట్లో నీటి చుక్కలు పడుతూనే ఉన్నాయి. "అలాగేనండీ" అన్నాడు చివరికి. కార్యదర్శికి జాలేసింది. కానీ వెంటనే కుర్చీలు గుర్తొచ్చి మనసు గట్టిచేసుకున్నాడు.

పోటీ రోజున కూడా ముసురే. మేస్త్రీ అందరికీ తూటాల డబ్బాలు పంచి, తన డబ్బాతో చివరి చాప మీద బోర్లా పడుకున్నాడు. ఎప్పటిలాగే కొన్ని పేలాయి, కొన్ని టిక్కుమన్నాయి. ఎప్పటిలాగే ఆగాడు. గంట కొట్టారు. లేచి, ఎవరూ అడక్కుండానే తాళాల గుత్తి తెచ్చి కార్యదర్శి ముందు పెట్టాడు.

కార్యదర్శికి గెలిచినట్టేమీ అనిపించలేదు. "ఉండండి. మావాడికి అప్పజెప్పేముందు మీ రైఫిలుకి ఏం రోగమో చూద్దాం" అంటూ మేస్త్రీ రైఫిలు తీసుకుని, తన డబ్బాలో మిగిలిన తూటాలు పెట్టి కాల్చాడు. అన్నీ పేలాయి.

"నిక్షేపంలా ఉంది. అంటే లోపం మీ చేతిది" అని, అది రుజువు చెయ్యడానికి మేస్త్రీ డబ్బాలోంచి ఒక తూటా తీసి తన సొంత రైఫిల్లో పెట్టి నొక్కాడు. టిక్కుమంది. ఆగి చూశాడు. పేలలేదు. ఇంకోటి పేలింది. దాని తర్వాతది మళ్ళీ టిక్కుమంది.

డాక్టరమ్మ ఆ డబ్బా తీసుకుని కిటికీ వెలుగులో చూసింది. "ఇవేమిటి, ఇలా చిలుం పట్టిపోయాయి? దీని కొన చూడండి, వదులైన పన్నులా కదులుతోంది. మా డబ్బాల్లో ఇలాంటిది ఎప్పుడూ చూడలేదే."

మేస్త్రీ దొంగతనం బయటపడ్డవాడిలా తల దించుకున్నాడు. "అది అనుమానం సరుకమ్మా. వాన నీళ్ళు తాగింది. మంచివి ఏరి మీకిచ్చాక ఇవి మిగులుతాయి. పారేస్తే నిల్వ చాలదు. ఎవరో ఒకరు కాల్చాలి కదా."

"ఏటా ఇంతేనా?"

"పైకప్పు కారడం మొదలైనప్పటినుంచీ."

కార్యదర్శి చెవులు ఎర్రబడ్డాయి. "ఇవాళైనా మీకోసం మంచివి తీసుకోవచ్చుగా? తాళాలు పోతాయని తెలుసు కదండీ."

"నేను తీసుకుంటే ఇవి మీలో ఎవరికో ఒకరికి పడతాయండీ."

"పోనీ ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

"చెబితే ఇంకా ముప్పు. తూటా మీద అనుమానముంటే నొక్కేటప్పుడు వేలు బిగుసుకుపోతుంది. గురి చెదురుతుంది. మీరు నిశ్చింతగా నొక్కాలి. ఆ అనుమానమేదో అందరి తరఫునా నేనొక్కణ్ణి పడితే సరిపోతుంది."

ఇన్నాళ్ళూ రెండో స్థానం తన చేతి చలవే అనుకున్న కార్యదర్శికి సిగ్గేసింది. గుత్తి తీసి మేస్త్రీ జేబులో కుక్కి, "బావమరిదికి నేను నచ్చజెప్పుకుంటాను" అన్నాడు.

మరుసటి ఏటికీ పర్మిట్టు రాలేదు. పోటీ రోజున కార్యదర్శి అనుమానం సరుకులో సగం తన డబ్బాలో పోసుకున్నాడు.

"మీకు అలవాటు లేదండీ, తట్టుకోలేరు" అన్నాడు మేస్త్రీ.

"నేర్చుకుంటాను."

ఇద్దరూ పక్కపక్క చాపల మీద పడుకున్నారు. కార్యదర్శి రైఫిలు మొదటి నొక్కుకే టిక్కుమంది. ఆగాడు. మెడ పట్టేసింది. ముక్కు మీద దోమ వాలింది.

"ఎంతసేపండీ ఇలా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మాట్లాడకండి. ఇలాంటప్పుడే పేలుతుంది."

దోమని ఊదబోయేసరికి అది ఢామ్మని పేలింది. తూటా పోయి పక్కనున్న డాక్టరమ్మ గురి అట్టలో దిగింది.

మేస్త్రీ ఆఖరునుంచి రెండోవాడయ్యాడు. ఒకరిని ఓడించడం ఆయనకి కొత్త. ఎంతో నొచ్చుకుని, దారి పొడుగునా క్షమాపణలు చెబుతూ కార్యదర్శిని ఇంటిదాకా దిగబెట్టి వెళ్ళాడు.

"ఈసారి ఎన్నో స్థానం?" అని అడిగింది కార్యదర్శి భార్య.

"ఆఖరు" అన్నాడాయన, మొహమంతా నవ్వుతో.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.