క్లచ్ తొక్కని కారు

అప్పట్లో నేను ఒకచోట కుదురుగా కూర్చున్నట్టు ఎవరికీ గుర్తు లేదు. ఒక దినపత్రికకు సుల్తానాబాద్ మండల విలేకరిగా కొత్తగా చేరిన రోజులవి. పొద్దున మార్కెట్ యార్డు, ఆ తర్వాత మండలాఫీసు, మధ్యాహ్నం ఎవరిదో ఎండిపోయిన బోరు, సాయంత్రం ఇంకేదైనా దొరక్కపోతుందా అని పెద్దపల్లి దాకా ఒక చక్కరు. వార్త లేని రోజు ఒంట్లో జ్వరం ఉన్నట్టుండేది. ఫోన్లో వీడియోలు చూడటం అప్పుడప్పుడే అందరికీ అలవాటవుతోంది. ఎంతటి విద్యనైనా పది నిమిషాల్లో నేర్చుకోవచ్చన్న ధీమా నాకు ఆ ఫోన్ వల్లే వచ్చింది. (మనిషికి ఆ ధీమా వస్తే మొదట దెబ్బతినేది చుట్టాలే.)

నాకు దొరికిన చుట్టం మా బావ, అక్క భర్త. శ్రీరాంపూర్‌లో బొగ్గుగని కార్మికుడు. పదేళ్లు భూమి లోపల పనిచేసి ఒంటి మీద గీత పడకుండా పైకొచ్చిన మనిషి, ఒక ఆదివారం కాలనీ కుర్రాళ్లతో కబడ్డీ ఆడి ఎడమ మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది, నడక వచ్చింది, కానీ మోకాలు సగమే వంగుతుంది. గని పైన తేలిక పని ఇచ్చారు. బావ బాధ నడక గురించి కాదు. ఒకప్పుడు మోటార్‌సైకిల్ మీద అక్కను వెనక కూర్చోబెట్టుకుని మెట్‌పల్లిలోని మా ఇంటికి ఒక్క ఊపులో వచ్చేవాడు. ఇప్పుడు డ్యూటీకి పోవాలంటే పక్క క్వార్టర్ ఆయన బండి వెనక ఎక్కాలి. ఆయన సెలవు పెడితే ఈయనా ఇంట్లోనే. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "నన్ను బియ్యం బస్త లెక్క మోస్కపోతున్నరు బామ్మర్దీ. బస్తకైన జర ఇజ్జత్ ఉంటది."

"మూడు చక్రాల స్కూటర్ తీస్కోరాదు బావా?" అన్నాను ఒకసారి.

"తీస్కుంట. దాని మీద పోతుంటె కాలనీలోళ్లంత అయ్యో పాపం అంటరు. గా అయ్యోలకు నువ్వొచ్చి జవాబు చెప్తవా?"

గేర్లు వాటంతటవే మారే కార్లు ఉండేవి కానీ, మా ఇళ్లలో అవి చూసి సంతోషించడానికే. సరిగ్గా అప్పుడే నా కంట్లో ఆ చిన్న కారు పడింది. సుల్తానాబాద్‌లో రైసు మిల్లుల మరమ్మతులు చేసే వెల్డర్ ఒకాయన ఉండేవాడు. ఊరంతటికీ స్పానర్ మామ. ఇంజనీరింగ్ చదివే పిల్లలెవరో పోటీ కోసం తయారుచేసుకున్న కారు, పోటీ అయిపోయాక పాత ఇనుము కింద ఆయన షెడ్డుకు చేరింది. ఇనుప గొట్టాల చట్రం, రెండు సీట్లు, వెనక ఒక మోటార్‌సైకిల్ ఇంజను, అక్కడి నుంచి చక్రాలకు చైను. రివర్స్ లేదు (మోటార్‌సైకిల్‌కు రివర్స్ ఎక్కడిది?), వెనక్కి పోవాలంటే దిగి నెట్టాల్సిందే. కాళ్ల దగ్గర మూడు పెడళ్లు. అందులో ఎడమ కాలిది క్లచ్. దాని మీద వార్త రాద్దామని పోయినవాణ్ణి, వార్త మరిచిపోయి మామ ముందు కూలబడ్డాను.

"మామా, మా బావ కోసం క్లచ్ తొక్కకుంట గేర్లు మారాలె."

"గదెంత పని? క్లచ్చును చేతికిద్దం."

"ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి గేరు మీద. మూడో చెయ్యి యాడికెల్లి తేవాలె?"

మామ బీడీ ఆర్పి నా ముఖం చూశాడు. నేను ఫోన్ తీశాను. మోటార్‌సైకిల్ ఇంజను పెట్టుకున్న ఇలాంటి చిన్న కార్లకు విదేశాల్లో ఒక ఏర్పాటు చేస్తారు. మీట నొక్కగానే ఇంజనులో నిప్పురవ్వ రెప్పపాటు ఆగిపోతుంది. ఆ రెప్పపాటులో గేర్ల మీద బిగువు సడలుతుంది. అదే క్షణంలో కరెంటుతో పనిచేసే సోలనాయిడ్ ఒకటి గేరు కడ్డీని ఠక్కున లాగేస్తుంది. క్లచ్‌తో పని లేదు. బండి కదిలేటప్పుడూ ఆగేటప్పుడూ మాత్రం చేతి క్లచ్ పట్టుకుంటే చాలు. మామ ఆ వీడియోను మూడుసార్లు చూసి, నాలుగోసారి ధ్వని ఆపించి చూసి, "ట్రాక్టర్ స్టార్టర్లల్ల గిసుంటియే ఉంటయి" అని లేచాడు.

రెండు వారాలు నేను పంపిన వార్తలు ఎలా ఉండేవో డెస్కు వాళ్లనే అడగాలి. నిప్పురవ్వ ఎక్కువసేపు ఆపితే ఇంజను చచ్చిపోయేది, తక్కువసేపు ఆపితే గేర్లు కరకరమని కొరికేవి. "పండ్లు రాలగొడ్తవు పిలగా" అని మామ ఇంజను తరఫున తిట్టేవాడు. చివరికి కుదిరింది. మీట ఎక్కడ పెట్టాలన్నది ఒక్కటే మిగిలింది. గేరు కడ్డీ పక్కనే పెడదామన్నాడు మామ. స్టీరింగ్ మీది నుంచి చెయ్యి కదలకూడదని నేను పట్టుబట్టాను. స్టీరింగ్ నడుమ హారన్ మీట ఒకటి తయారుగా ఉంది. గేరు పెంచే తీగ దానికి ఇప్పించాను. గేరు తగ్గించే మీట దాని కింద. హారన్‌ను డాష్‌బోర్డు కింద ఒక మూలకు పంపించాను. "హారన్‌దేముంది మామా, ఎప్పుడన్న ఒకసారి కొట్టేదే కద" అన్నాను. (రోజు విడిచి రోజు కరీంనగర్ బస్టాండు ముందు నుంచి పోయే మనిషి అనాల్సిన మాటేనా అది?)

రైసు మిల్లు ఆవరణలో నాలుగు చుట్లు తిప్పి చూశాను. వెన్నలా మెత్తగా పడ్డాయి గేర్లు. ఆవరణ ఖాళీ. హారన్ కొట్టడానికి అక్కడ ఒక కుక్క కూడా లేదన్న సంగతి నాకు తట్టలేదు.

ఆదివారం బావ, అక్క బస్సులో దిగారు. బావ కారు చుట్టూ ఒకసారి నడిచాడు. అక్క నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, అన్ని మంచిగ చూసినవ? ఆయనకిగ ఒక్కటే కాలు మిగిలింది." నేను మీటల సంగతి బావకు ఒకటికి రెండుసార్లు చెప్పాను. ఎడమ కాలు బారుగా చాపుకుని కూర్చున్నాడు. ఆవరణలో రెండు చుట్లు అద్భుతంగా తిప్పాడు. ఆ ముఖం వెలగడం నేను చూశాను. "రోడ్డు మీదికి పోదం" అన్నాడు. నేను పక్క సీట్లో, అక్క, మామ వెనక మోపెడ్ మీద.

వరి కోతల కాలం. ఊరి రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక అవ్వ కాళ్లతో వడ్లు తిరగేసుకుంటూ, మాకు వీపు పెట్టి రోడ్డు నడుమకు వచ్చేసింది. బావ బొటనవేలు తన పని తాను చేసింది. హారన్ మోగలేదు. మూడో గేరు పడింది. కారు దగ్గింది.

"ఏందిరా, మోగుతలేదు?" అని మళ్లీ నొక్కాడు. నాలుగు.

"బావా, అది హారన్ కాదు, గేరు!"

"ముసలామె ఉన్నదిరా!" అంటూ ఇంకోసారి. అయిదు. నడక వేగంలో అయిదో గేరు మోయలేక కారు నిలువెల్లా వణికి, అవ్వను తప్పించబోయి వడ్లలోకి తిరిగి, ప్రాణం విడిచింది. ముందు చక్రాలు వడ్లలో కూరుకుపోయాయి.

అవ్వ వెనక్కి తిరిగింది. "ఏం బండిరా ఇది? మంచమా, బండా? నా వడ్లు దంచుతానికొచ్చిన్రా?"

ముందుకు పోతే వడ్లన్నీ నలుగుతాయి. వెనక్కి తీయాలి, రివర్స్ లేదు. మామ, అక్క పరుగున వచ్చారు. అప్పటికే అటుపోయే నలుగురు ఆగి చూస్తున్నారు. "దిగు బావా, నెడ్తం" అన్నాను.

"దిగ."

స్టీరింగ్‌ను రెండు చేతులతో పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. నాకప్పుడు అర్థమైంది. అందరి ముందు కుంటుకుంటూ దిగి పక్కన నిలబడితే, తాను చేసే ప్రయాణం అక్కడితో అయిపోతుంది, ఇక ఈ కారెక్కడు. ఆ చిక్కు విప్పింది అవ్వే.

"ఆయన దిగుడెందుకు? దిగితె చక్రం తిప్పేటోడెవ్వడు? నువ్వు కూసో కొడుకా. ఓ సన్నపోడా, చూస్తున్నవేంది, నెట్టు!"

సన్నపోడు (నేనే) నెట్టాడు. అక్కా మామా తోడు పట్టారు. బావ మెడ వెనక్కి తిప్పి, "ఎడమకు... జర ఎడమకు... ఏం తినలేదార మీరు?" అని హుకుం జారీ చేస్తూ కారును రోడ్డెక్కించాడు. ఎక్కాక మామతో అన్నాడు: "మామా, హారన్ను హారన్ జాగల పెట్టు. నా బొటనవేలికి పదిహేనేండ్ల అలవాటు. మీ రెండు వారాల తీగల కోసం అది మారది."

మామ అక్కడే రోడ్డు మీద కూర్చుని, గేరు మీటను తాను మొదట చెప్పిన చోటికే మార్చాడు. ఆ గంటసేపూ నేను చీపురు పట్టుకుని, చెదిరిన వడ్లు ఊడ్చి మళ్లీ ఆరబోశాను. అవ్వ పక్కనే నిలబడి రాళ్లు ఏరించింది. మీట బిగించాక బావ నన్ను ఎక్కమనలేదు. హారన్ ఒకసారి కొట్టి చూసుకుని, పోయాడు. పావుగంటైంది, రాలేదు. అరగంటైంది. నేను చీపురుతోనే రోడ్డుకూ వడ్లకూ మధ్య తిరుగుతున్నాను. అక్క మాత్రం అవ్వతో కోడళ్ల ముచ్చట్లలో పడిపోయింది. చివరికి దూరం నుంచి హారన్, ఎదురుగా ఎవరూ లేకపోయినా ఆగకుండా వినిపించింది.

"యాడికి పోయినవు బావా?"

"యాడికి పోలే. కారు తిప్పే జాగ దొరికే దాక పోయిన, తిప్పుకుని వచ్చిన." ఇంజను ఆపకుండానే అక్క వైపు చూశాడు. "ఎక్కు."

ఆ కారును ట్రాక్టర్ ట్రాలీలో శ్రీరాంపూర్ చేర్చాం. క్వార్టర్ నుంచి గని గేటు దాకా, కాలనీ లోపలి రోడ్డు మీద (బయటి రోడ్డెక్కడానికి దానికి నంబరు ఎవరిస్తారు?) బావ రెండేళ్లు తన డ్యూటీకి తానే పోయాడు. పక్క క్వార్టర్ ఆయన బండి పాడైన రోజుల్లో ఆయన్నీ ఎక్కించుకున్నాడట.

పోయిన నెల మా చుట్టాలింట్లో పెళ్లి జరిగింది. భోజనాలయ్యాక బావ పిల్లల నడుమ కూర్చుని ఆ కారు కథ చెబుతున్నాడు. ఆ కథలో తీగలన్నీ ఆయనే బిగించాడు. సుల్తానాబాద్ నుంచి శ్రీరాంపూర్ దాకా ఎక్కడా ఆగకుండా నడిపాడు. వడ్లు లేవు, అవ్వ లేదు. నేను పక్క సీట్లో ఉన్నాను, భయంతో కళ్లు మూసుకుని. ఒక పాప నా వైపు తిరిగి, "నిజమేనా మామా?" అంది. వార్తలో ఊరి పేరు తప్పుపడితే రాత్రంతా నిద్రపోని వృత్తి నాది. సుల్తానాబాద్‌లో తిరిగిన ఆనాటి విలేకరి కుర్రాడైతే అక్కడికక్కడే లేచి, మీట ఆలోచన నాదని, వడ్లు ఊడ్చింది కూడా నేనేనని వరసగా సవరణలు వేసేవాడు. వాణ్ణి తలచుకుని నవ్వొచ్చింది.

"నిజమే బిడ్డా" అన్నాను. తర్వాత ఏమైందో విందామని పిల్లలతో పాటు నేనూ ముందుకు జరిగాను.